గోడ మీద సంతకం నుంచి సొంత డొమైన్ దాకా: పోస్టర్ డిజైనర్ పోర్ట్‌ఫోలియో కథ

ఈ ఎపిసోడ్ ఒక చిన్న సీన్‌తో మొదలుపెడతా.

నా ఫ్రెండ్ ఒకడు రహమత్ నగర్‌లో మూడో అంతస్తు రూమ్‌లో ఉంటాడు. సినిమా పోస్టర్లు చేసే ఫ్రీలాన్స్ డిజైనర్. పోయినేడాది పని అడగడానికి ఫిల్మ్ నగర్‌లో ఒక ఆఫీసుకు పోయిండు. అక్కడి మేనేజర్ గారు "నీ పని చూపియ్యి తమ్ముడూ" అన్నారు. వీడి పనంతా ఒక యాప్ అకౌంట్‌లో ఉంది. ఆ అకౌంట్ వారం ముందే లాక్ అయింది. ఫోన్‌లో పాత ఫార్వర్డ్‌లు వెతికి ఒక పోస్టర్ చూపించాడు. ఆయన చూసి, "మంచిగుంది. కానీ ఇది నువ్వే చేసినవని ఏంది గ్యారంటీ?" అన్నారు. వీడి దగ్గర జవాబు లేదు. బస్సెక్కి వచ్చేశాడు.

ఇదే ప్రశ్నకు పాతకాలం ఆర్టిస్టులు ఏం జవాబు చెప్పేవాళ్లు? ఒకసారి మద్రాసు పోదాం.

మన సినిమా మద్రాసులో ఉన్న రోజుల్లో ఈశ్వర్ గారని ఒక పబ్లిసిటీ డిజైనర్ ఉండేవారు. పాలకొల్లు మనిషి. బాపు గారు మొదటిసారి డైరెక్ట్ చేసిన 'సాక్షి', 1967 సినిమా, ఈశ్వర్ గారికీ మొదటి మెట్టు. ఆ తర్వాత దాదాపు 2500 సినిమాలకు పని చేశారు. అప్పుడు కంప్యూటర్ లేదు. స్టిల్ ఫొటోలు కత్తిరించి అతికించాలి, బ్రష్‌తో రంగులు వేయాలి, సినిమా పేరు చేత్తోనే రాయాలి. మరి ఆయన పోర్ట్‌ఫోలియో ఎక్కడుండేది? ఊరూరా గోడల మీద! పోస్టర్ మూలన చిన్న సంతకం, సినిమా టైటిల్స్‌లో ఒక కార్డు. నిర్మాతకు అంతే చాలు.

కానీ గోడ ఎవరిది? డిజైనర్‌ది కాదు కదా. శుక్రవారం కొత్త సినిమా వస్తే పాత పోస్టర్ మీద కొత్తది అంటిస్తారు. వాన పడితే అదీ పోతుంది. ఈశ్వర్ గారి పని గురించి 'సినిమా పోస్టర్' అనే పుస్తకం 2011లో వచ్చింది, దానికి నంది అవార్డు కూడా వచ్చింది. అంటే మొదలుపెట్టిన నలభై ఏళ్లు దాటాక గానీ ఆయన పనికి ఒక సొంత చోటు దొరకలేదు. 2021 సెప్టెంబర్‌లో ఆయన చెన్నైలో పోయారు. ఇప్పుడు ఆ పుస్తకమే సాక్ష్యం.

ఈలోగా ఇండస్ట్రీ హైదరాబాద్ వచ్చేసింది. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్, ఆ తర్వాత రామానాయుడు స్టూడియో. జూబ్లీహిల్స్‌లో ఆఫీసులు, కింద కృష్ణానగర్, యూసఫ్‌గూడ, రహమత్ నగర్‌లలో పనిచేసేవాళ్ల గదులు. బ్రష్ పోయి ఫొటోషాప్ వచ్చింది. సంతకం కూడా పోస్టర్ మూల నుంచి మెల్లగా జారిపోయింది.

అటు ఇంటర్నెట్‌లో ఏం జరిగింది? 1994లో మొదలైన జియోసిటీస్‌లో ఎవరైనా ఫ్రీగా పేజీ పెట్టుకోవచ్చు. 1999లో యాహూ దాన్ని కొన్నది, 2009లో మూసేసింది. లక్షల మంది పేజీలు పోయాయి. మరోపక్క డిజైనర్లంతా ఫ్లాష్ మీద పడ్డారు. బొమ్మలు ఎగురుతుంటాయి, మ్యూజిక్ మోగుతుంటది, చూడ్డానికి సూపర్. కానీ ఐఫోన్ ఫ్లాష్‌ను రానివ్వలేదు. 2020 డిసెంబర్ 31న అడోబ్ సపోర్ట్ ఆపేసింది. ఆ సైట్లు ఇప్పుడు మామూలు బ్రౌజర్‌లో తెరుచుకోవు.

ఇప్పుడు దీనికి పూర్తి రివర్స్ కేసు చూడండి. టిమ్ బెర్నర్స్-లీ సెర్న్‌లో పెట్టిన ప్రపంచంలోనే మొదటి వెబ్‌సైట్ కేవలం అక్షరాలు, లింకులు. 2013లో సెర్న్ వాళ్లు దాన్ని పాత అడ్రస్‌లోనే మళ్లీ పెట్టారు. మీ చేతిలో ఉన్న ఫోన్‌లో కూడా తెరుచుకుంటుంది. ముప్పై ఏళ్ల నాటి సాదా హెచ్‌టీఎంఎల్ బతికింది, దాని తర్వాత పుట్టిన హంగుల ఫ్లాష్ పోయింది. నేను ఇంజినీర్‌గా నేర్చుకున్న పెద్ద పాఠం ఇదే.

అందుకే మా వాడికి సైట్ చేసేటప్పుడు రెండు సాయంత్రాలు కూర్చుని ఒక్క పేజీయే చేశాం. పైన వాడి పేరు, తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ. కింద ఎనిమిది పోస్టర్లు మాత్రమే. "అరే, నలభై ఉన్నయ్ రా" అన్నాడు. "మేనేజర్ సార్‌కు నలభై చూసే టైమ్ లేదు రా" అన్నా. ఒక్కో పోస్టర్ కింద మూడు లైన్లు: వాళ్లు ఏం అడిగారు, నేను ఏం చేశాను, మిగతాది ఎవరు చేశారు. ఫొటో ఎవరిదో, లెటరింగ్ ఎవరిదో రాయడం మర్యాద, పైగా అదే నమ్మకం. పక్కనే మొదటి పెన్సిల్ స్కెచ్ పెట్టాం. గ్యారంటీ ఏందని అడిగితే, ఇదిగో జవాబు! రిలీజ్ కాని సినిమా పోస్టర్లు మాత్రం పెట్టలేదు. పర్మిషన్ లేకుండా పెడితే ఉన్న పని కూడా పోతుంది.

తెలుగు మాటల్ని బొమ్మలుగా పెట్టలేదు, యూనికోడ్‌లో టైప్ చేశాం. అప్పుడే గూగుల్‌లో వెతికితే దొరుకుతాయి. హెడింగ్‌కు రామభద్ర, మిగతాదానికి మండలి ఫాంట్. ఇవి సిలికానాంధ్ర చొరవతో వచ్చిన ఫ్రీ ఫాంట్లు, గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. బొమ్మల సైజు తగ్గించాం, సిగ్నల్ సరిగా లేని లిఫ్ట్‌లో కూడా లోడ్ కావాలి కదా. హోస్టింగ్ ఫ్రీదే. డబ్బు పెట్టింది ఒక్క డొమైన్ పేరుకే. రేపు హోస్టింగ్ కంపెనీ మూతపడితే ఫైళ్లు ఇంకోచోట పెడతాం, అడ్రస్ మారదు. ఒక కాపీ పెన్ డ్రైవ్‌లో కూడా ఉంది.

యాప్‌లు వద్దని అనట్లేదు. జనం అక్కడే ఉంటారు, పోస్టర్ అక్కడ అంటించాల్సిందే. కానీ అది అద్దె గోడ అని గుర్తుంచుకోండి.

మా వాడికి రాత్రికి రాత్రి పెద్ద సినిమా రాలేదు. ఒక షార్ట్ ఫిల్మ్ వచ్చింది, అడ్వాన్స్‌తో సహా. ఆ పోస్టర్ కుడి మూలన చిన్నగా తన పేరు రాసుకున్నాడు. జూమ్ చేస్తే కనిపిస్తుంది.

సరే మరి, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.