విద్యలనగరి కళలు – మన ఆలయ మండపం



జీర్ణోద్ధరణ ఆరంభించే ముందు ఆలయంలో కళాకర్షణ అనే క్రియ జరుగుతుంది. మూలమూర్తిలోని దివ్యకళలను మంత్రపూర్వకంగా కలశోదకంలోనికి ఆవాహన చేసి, ఆ కలశాన్ని బాలాలయంలో ఉంచి, పనులు పూర్తయ్యేవరకు అక్కడనే నిత్యార్చన నడుపుతాము. పునఃప్రతిష్ఠ నాడు ఆ కళలను తిరిగి మూర్తిలోనికి చేరుస్తాము. మన ఆలయంలోనూ ఈ క్రమమంతా యథావిధిగా జరిగినది. ఆ దినాలలో బాలాలయం ఎదుట కూర్చుని జపం చేసుకుంటూ ఉండగా నాకొక ఆలోచన కలిగినది. గీతం, వాద్యం, నృత్యం, కథాకథనం కూడా ఆలయ కళలే కదా! అవి మన మండపాన్ని విడిచి చాలా కాలమైనది. విడిచి వెళ్ళినవి ఇన్నాళ్ళు ఎవరి ఇంట తలదాచుకున్నవి? మండపం బాగుపడినది గనుక వాటిని తిరిగి పిలవవద్దా? ఈ ప్రశ్నలకు మన విజయనగరం చరిత్రలోనే సమాధానం ఉన్నదని నా నమ్మకం. ఆ చరిత్రను నాకు తెలిసినంతవరకు మనవి చేస్తాను.

1713లో కోట వెలసిన ఈ పట్టణానికి విద్యలనగరమన్న పేరు ఊరకే రాలేదు. 1860లో ఇక్కడ సంస్కృత పాఠశాల నెలకొన్నది. తరువాత ఆనందగజపతి మహారాజు కాలంలో పండితులు, కవులు, వైణికులు, గాయకులు ఈ ఊరిని వెతుక్కుంటూ వచ్చారు. ఆ ప్రభువు చేసిన రెండు పనులను పాఠకులు పక్కపక్కన పెట్టి చూడవలసినదిగా కోరుతున్నాను. మాక్స్ ముల్లర్ పండితుడు సాయణభాష్యంతో పరిష్కరించిన ఋగ్వేద సంహిత రెండవ ముద్రణ 1890–92 సంవత్సరాలలో నాలుగు సంపుటాలుగా వెలువడినది. దానికి పోషకులు ఆనందగజపతి వారే. అదే 1892వ సంవత్సరం ఆగస్టు 13వ తేదీన, ఇదే ఊరిలో, జగన్నాథ విలాసినీ సభ వారు గురజాడ అప్పారావు గారి ‘కన్యాశుల్కం’ నాటకాన్ని మొదటిసారి ప్రదర్శించారు. దానికీ ప్రోత్సాహం ఆ ప్రభువుదే. 1897లో అచ్చయిన మొదటి కూర్పును గురజాడ వారు ఆయనకే అంకితమిచ్చారు.

వేదాన్ని అచ్చు వేయించిన ప్రభువే, వేదం చదివినవారి లోభాన్ని నడిరంగం మీద నవ్వులపాలు చేసిన నాటకానికి అండగా నిలిచారు. వేదాధ్యయనమే జీవనంగా పెరిగిన నాబోటివాడు ఈ రెంటినీ సమన్వయం చేసుకోవడానికి చాలా ఏళ్ళు పట్టినది.

ఆ నాటకం పుట్టుకకు కారణం చెప్పుకోవాలి. ఆనందగజపతి వారు ఆనాటి విశాఖపట్టణం జిల్లాలోని బ్రాహ్మణ కుటుంబాలలో కన్యలను విక్రయించి జరిపిన వివాహాలను లెక్క కట్టించారు. మూడేండ్ల కాలానికి 1034 వివాహాలు తేలినవి. వారిలో 99 మంది పిల్లలు ఐదేండ్లవారు, 44 మంది నాలుగేండ్లవారు, 36 మంది మూడేండ్లవారు, ఆరుగురు రెండేండ్లవారు. ముగ్గురు ఏడాది పసికందులు. ఆ పసికందులకు పలికిన వెల 350 మొదలు 400 రూపాయలు. ఈ వివరాలు గురజాడ వారు తమ పీఠికలో స్వయంగా వ్రాసినవి. దురాచారాన్ని చట్టంతో అరికట్టాలని మహారాజు మద్రాసు శాసనసభలో ప్రయత్నించారు గాని అది ఫలించలేదు. చట్టం చేయలేని పనికి నాటకం పూనుకున్నది.

నా ఇరవైరెండవ ఏట, ఈ ఆలయంలో పరిచారకునిగా చేరిన కొత్తలో, మొదటిసారి ఆ నాటకం చూశాను. అగ్నిహోత్రావధానులు రంగం మీదికి వచ్చి కోపంతో ఊగిపోతూ ఉంటే సభ అంతా పకపక నవ్వినది. అంగవస్త్రం భుజాన వేసుకుని కూర్చున్న నన్ను చూసి కూడా నవ్వుతున్నట్లే అనిపించినది. సగంలో లేచి వచ్చివేశాను. ఇంటికి చేరి మా నాయనగారితో, మన వృత్తిని ఇంత హేళన చేస్తారా అని మండిపడ్డాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

మా ఇంట్లో మా తాతగారి చెల్లెలు ఉండేది. మేము మామ్మ అని పిలిచేవారము. తల ముండనం చేయించుకుని, తెల్లపంచె కట్టుకుని, మడిలో వంట చేసి నలభైమందికి వడ్డించగలిగిన మనిషి. నేను పాఠశాలలో ఉండగానే ఆమె కాలం చేసినది. ఆ రాత్రి మా నాయనగారు ఆమె సంగతి చెప్పారు. ఎనిమిదవ ఏట పెండ్లి అయినదట. వరునికి యాభై దాటినవట. పదకొండవ ఏటికే పసుపుకుంకుమలు పోయినవి. భర్త ముఖం తనకు గుర్తులేదని ఆమె అంటూ ఉండేదట. “ఆమెకు వచ్చిన సొమ్ముతోనేరా, మీ తాతకు పిల్లను తెచ్చారు” అన్నారు నాయనగారు. అంతకు మించి ఆయన ఏమీ అనలేదు. అంటే నేను, నా తోబుట్టువులు, ఈ వంశమంతా ఆ సొమ్ము వల్ల కలిగినవారమే.

మరుసటి సంవత్సరం ఆ నాటకం మళ్ళీ ఆడినప్పుడు ముందు వరుసలో కూర్చుని చివరిదాకా చూశాను. అప్పుడొక విశేషం గమనించాను. చిన్నపిల్ల సుబ్బిని ముసలివాడైన లుబ్ధావధాన్లకు అంటగట్టే పెండ్లిని తప్పించడానికి పూనుకున్నది మేనమామ కరటకశాస్త్రి. ఆయన నాటకాలలో విదూషక వేషం కట్టేవాడు. శిష్యునికి ఆడపిల్ల వేషం వేసి, ఆ వేషంతోనే పిల్లను గట్టెక్కించాడు. శాస్త్రం తెలిసినవారు చేయలేకపోయిన ధర్మాన్ని ఒక వేషధారి చేసినాడని గురజాడ వారు చూపించారు. 1909లో వెలువడిన రెండవ కూర్పు చాలా పెద్దది. పూర్తిగా ఆడితే ఒక పూటలో ముగియదు గనుక నేడు కుదించి ఆడుతున్నారు. మొదటినుంచి వాడుకభాషలో సాగిన నాటకమది. నేను ఈ వ్యాసంలో వాడుతున్న పుస్తకాల భాష ఆయనకు అంతగా నచ్చి ఉండదని తెలుసు. పాఠశాలలో అలవడిన భాష ఈ వయస్సులో నన్ను విడువదు, క్షంతవ్యుడను.

ఇక సంగీతం సంగతి. 1883లో చెన్నపట్నం నుంచి కుప్పుస్వామి నాయుడు గారనే భాగవతులు ఈ ఊరు వచ్చి హరికథ చెప్పారు. శ్రోతలలో అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు గారనే పందొమ్మిదేండ్ల విద్యార్థి ఉన్నారు. ఆ కథ విన్న ప్రేరణతో ఆయన ‘ధ్రువచరిత్రం’ రచించి తానే గజ్జె కట్టి చెప్పారు. హరికథా పితామహునిగా లోకం కొలిచిన మహానుభావుడు ముందు ఒక శ్రోతగా ఈ ఊరి సభలో కూర్చున్నవాడే. చేతులతో, కాళ్ళతో, శిరస్సుతో వేర్వేరు తాళాలను ఏకకాలంలో చూపగల లయజ్ఞునిగా ఆయన కీర్తి గడించారు.

1919లో విజయరామగజపతి వారు ఇక్కడ సంగీత కళాశాల స్థాపించారు. సంస్థాన ఉద్యోగి ఒకరి కుమారుడు అంధుడు కాగా, ఆ బాలునికి విద్య చెప్పించాలన్న సంకల్పమే ఈ కళాశాలకు బీజమని పెద్దలు చెబుతారు. నారాయణదాసు గారు తొలి అధ్యక్షులు. విద్యార్థిగా చేరాలని వచ్చిన ద్వారం వేంకటస్వామి నాయుడు గారి వాయులీనం విని, ఈయన నేర్చుకోవలసినవాడు కాదు, నేర్పవలసినవాడు అని ఆచార్య పదవి ఇచ్చారని ప్రసిద్ధి. 1936లో దాసు గారి తరువాత నాయుడు గారే అధ్యక్షులైనారు. ఇక్కడ పుట్టిన పి. సుశీల గారు చదివినదీ ఆ కళాశాలలోనే.

కృష్ణాతీరం నుంచి చేతిలో చిల్లిగవ్వ లేకుండా వచ్చిన ఘంటసాల వేంకటేశ్వరరావు గారి కథ తెలుగువారందరికీ తెలిసినదే. పట్రాయని సీతారామశాస్త్రి గారు ఆయనను చేరదీసి విద్య చెప్పారు. భోజనానికి ఆయన జోలె పట్టి ఇంటింటా మధుకరం ఎత్తారు. నేనూ వారాలు చేసుకుని వేదం చదివినవాడిని. మంగళవారం ఒక ఇల్లు, బుధవారం మరొక ఇల్లు. ఏ తల్లి చేతి ముద్ద తిన్నానో ఈనాటికీ వరుసగా చెప్పగలను. ప్రభువులు భవనం కట్టించి జీతాలిచ్చారు, నిజమే. అయితే ఆ భవనంలో పాడిన గొంతుకను బ్రతికించినది పేరు తెలియని గృహిణులు పెట్టిన పిడికెడు అన్నం. మండపం విడిచిన కళలకు ఆ వీధి అరుగులే బాలాలయమైనవి.

ఆ అరుగులు నేడు లేవు. మన ఊరి కథకులు చాగంటి సోమయాజులు గారు, అనగా చాసో, ‘వాయులీనం’ అనే కథ వ్రాశారు. సంసారావసరాలకు ఒక ఇల్లాలి వాయులీనం అమ్ముడుపోవడం అందులోని ఇతివృత్తం. ఆ ఇంట ఎవరూ దుర్మార్గులు కారు. అవసరం వచ్చినది, వాద్యం వెళ్ళిపోయినది, అంతే. ఊరి విషయంలోనూ ఇట్లే జరుగవచ్చునని నా భయం. సిరిమానోత్సవం నాడు పైడితల్లి దర్శనానికి లక్షలాదిగా తరలివచ్చే జనం ఉన్న ఊరిలో, హరికథ పెడితే ముందు వరుస నిండని సాయంకాలాలను నేను చూశాను.

ఇందులో నా దోషమూ ఉన్నది. అర్చనాంతంలో స్వామికి రాజోపచారాలు సమర్పించాలి. గీతం వినిపించాలి, వాద్యం మ్రోగించాలి, నృత్యం చూపించాలి. ఇవేవీ లేనప్పుడు వాటికి బదులుగా అక్షతలు సమర్పించవచ్చునని పద్ధతి. నలభై ఏండ్లుగా నేను ఉదయం సాయంత్రం ఆ అక్షతలే వేస్తున్నాను. లోపాన్ని పూరించడానికి పెద్దలు చూపిన దారిని నేను నిత్యవిధిగా మార్చుకున్నాను. వేదానికి శ్రుతి అని పేరు. మేము పుస్తకం చూసి నేర్వలేదు. గురువు చెప్పిన ప్రతి పనసను విని, స్వరం తప్పకుండా పలికి, సంథ చెప్పుకుని నేర్చాము. వినేవాడు లేకపోతే వేదమే నిలువదు. ఇక పాట నిలుస్తుందా, కథ నిలుస్తుందా?

నూతన మండపాన్ని శుభకార్యాలకు అద్దెకు ఇవ్వవలెనని, దానివల్ల నిత్యదీపారాధనకు ఆదాయం కలుగుతుందని సంఘంలో కొందరి అభిప్రాయం. ప్రతి ఏకాదశి సాయంకాలం మాత్రం ఒక హరికథకో, కచేరీకో, నాటకానికో, కవుల సభకో ఉచితంగా ఉంచవలెనని నా ప్రార్థన. సంఘం వారు దయతో ఒక సంవత్సరానికి అంగీకరించారు. జనం రాకపోతే తరువాత మాట తరువాత అని కోశాధికారిగారు స్పష్టంగా చెప్పారు. ఆయన మాటలో తప్పు లేదు. నూనెకు డబ్బు కావాలి.

అందుచేత పాఠకులకు నా విన్నపం. ఏకాదశి నాడు పావుగంట ముందుగా రండి. తంబురా శ్రుతి కలుపుకునేటప్పుడే కూర్చుంటే చెవి కుదుటపడుతుంది. రాగం పేరు తెలియకపోయినా చింతలేదు, పల్లవి ఎన్ని విధాలుగా తిరిగి వస్తున్నదో గమనించండి. హరికథలో దాసు గారు కథ ఆపి పిట్టకథలోనికి ఎక్కడ మళ్ళారో, తిరిగి అసలు కథకు ఎట్లా చేరారో చూడండి. నాటకంలో మిమ్మల్ని చూసి ఎవరైనా నవ్వినట్లు తోస్తే నావలె లేచి వెళ్ళకండి. పిల్లలను వెంట తీసుకురండి, నిద్రపోతే ఒడిలోనే పోనీయండి. మంగళం పాడేవరకు ఉండండి. ఆ తరువాత హారతి, ప్రసాదం.

ప్రతిష్ఠ నాడు కలశంలోని కళలు స్వామిని చేరినవి. ఆ పని ఋత్విక్కులది, పూర్తి చేశాము. మిగిలిన కళలను మండపానికి చేర్చడం మాత్రం మంత్రంతో అయ్యే పని కాదు. రాబోయే ఏకాదశి సాయంకాలం రాజోపచార సమయానికి నా చేతిలో అక్షతలు ఉంటాయి. అవి పళ్ళెంలోనే మిగిలిపోయే భాగ్యం మీరు కలిగించాలని ప్రార్థిస్తున్నాను.

సర్వే జనాః సుఖినో భవంతు.