ఆటగాని అంగీ – దాని మీది లాంఛనం

తిరుమల శ్రీవారి బ్రహ్మోత్సవాలలో తొలినాడు ధ్వజారోహణం జరుగుతుంది. గరుత్మంతుని రూపు చిత్రించిన కొత్తబట్ట ధ్వజస్తంభం పైకి ఎక్కుతుంది. ఉత్సవాలు ముగిసేనాడు ధ్వజావరోహణంతో దిగుతుంది. ఇది ఎవరి ఉత్సవమో చెప్పడానికి ఆ బట్ట మీద అక్షరాలతో పనిలేదు. చదువు రాని యాత్రికుడు సైతం గరుడుని చూచి స్వామి ఎవరో పోల్చుకొంటాడు. కురుక్షేత్రంలో అర్జునుని రథం మీద కపిధ్వజం చేసిన పనీ ఇదే. దుమ్ము రేగిన రణరంగంలో ముఖాలు కనిపించవు. పైన ఎగిరే గుర్తు కనిపిస్తుంది.

నేటి ఆటల జట్లు తమ చొక్కాల మీద కుట్టించుకొనే ఎద్దులూ డేగలూ సింహాలూ ఈ వంశంలో పుట్టినవే. వీటిని ‘లోగో’ అంటున్నారు. మన శాసనాలకు, తామ్రపత్రాలకు సంబంధించిన చర్చలో ‘లాంఛనం’ అన్న మంచి మాట ఏనాటినుండో ఉన్నది గనుక మేము దానినే వాడుతాము. తెలుగువారి పేరు పెట్టుకొన్న జట్లకు ఈ లాంఛనాలను ఎవరు తొడిగినారు, ఎవరు విప్పినారు అన్నది ఈనాటి మా విషయం. అది వట్టి దర్జీపని చరిత్ర కాదు. జట్టు ఎవరిది అన్న ప్రశ్నకు జట్టు పేరు ఒక జవాబు చెబితే, చొక్కా తరచు మరొక జవాబు చెబుతుంది.

రాజుల కాలంలో ఈ చిక్కు లేదు. పల్లవులది వృషభం, చోళులది పులి, పాండ్యులది మీనం. చాళుక్యులూ, కాకతీయులూ, తరువాత విజయనగర ప్రభువులూ వరాహాన్ని ఎన్నుకొన్నారు. విజయనగర వరాహం ఎదుట నిలువుగా కత్తి, పైన సూర్యచంద్రులు ఉంటారు. ఆ రాజ్యంలో బంగారు నాణెం పేరే వరాహ అయినది. శ్రీకృష్ణదేవరాయలు ఏడుమార్లు తిరుమల కొండ ఎక్కిన దారికి సమీపంలోనే ఉన్న చంద్రగిరి, ఆరవీటి వంశపు కాలంలో రాజధాని కూడా అయినది. తామ్రపత్రాల కడియానికి వేసే ముద్ర అరచేతిలో ఇమిడేటంత చిన్నది. అంత చిన్న చోట జంతువు రూపు తేటపడవలెనంటే గీతలు తక్కువగా ఉండవలె, జంతువు పక్కవాటుగా నిలువవలె, నేపథ్యం ఖాళీగా ఉండవలె. నేడు చొక్కా ఎడమ రొమ్మున రూపాయి నాణెమంత చోటులో లాంఛనం దిద్దే చిత్రకారునికి ఎదురయ్యే కష్టం సరిగా ఇదే. ముద్ర కమ్మరికి లేని బాధ అతనికి మరొకటి ఉన్నది. అదే గుర్తు మైదానంలో పెద్ద తెర మీదనూ, చేతిలోని ఫోను మీదనూ కూడా ఒప్పవలె.

క్రికెట్ మన దేశానికి వచ్చినప్పుడు చొక్కా మీద ఏ గుర్తూ లేదు. రెండు పక్షాలకూ తెల్లని దుస్తులే. ఎండకు తెలుపు మంచిది, ఎర్రని బంతి దాని ముందు స్పష్టంగా కనిపిస్తుంది. జట్టు తేడా తెలిపేవి నెత్తిమీది టోపీ, ఆట లేని వేళ తొడిగే బ్లేజరు కోటు. అయినప్పటికీ ఎవరు ఎవరో తెలియక పోయే అవకాశం ఆనాడు తక్కువే. తెల్లదొరల క్లబ్బులు తమ కట్టడం గడప దాటి భారతీయులను రానిచ్చేవి కావు. మద్రాసులోని తెలుగు కుటుంబానికి చెందిన బుచ్చిబాబు నాయుడుగారు ఈ అవమానాన్ని సహింపలేక 1888లో మద్రాస్ యునైటెడ్ క్లబ్బును స్థాపించినారు. ఆయన 1908లో కన్నుమూసినారు. తరువాత యూరపియనులకూ భారతీయులకూ మధ్య ప్రెసిడెన్సీ మ్యాచి సంక్రాంతి రోజులలో చేపాకంలో ఏటేటా జరిగే వేడుకగా నిలిచి, 1952 వరకు సాగినది. చిత్తూరు జిల్లా అప్పటికి మద్రాసు రాష్ట్రంలోనిదే గనుక మన ప్రాంతపు క్రికెట్ అభిమానికి కాశీ రామేశ్వరం రెండూ చేపాకమే. బుచ్చిబాబుగారి కుమారుడు కోట రామస్వామిగారు 1922లో డేవిస్ కప్పులో టెన్నిస్ ఆడి, 1936లో నలభై ఏళ్ళ వయస్సున ఇంగ్లండులో తొలి టెస్టు ఆడినారు. రెండు ఆటలలోనూ దేశపు దుస్తులు ధరించిన ఆ తెలుగువాని మాట నేటి యువకులకు అంతగా తెలియకపోవడం విచారకరం.

బొంబాయిలో వ్యవహారం వేరు. అక్కడ 1912 నుండి జరిగిన చతుర్జట్ల పోటీలో హిందువులు, ముస్లిములు, పారశీకులు, యూరపియనులు అన్న పేర్లతోనే జట్లు దిగేవి. నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో 1895లో పుట్టిన కొఠారి కనకయ్య నాయుడుగారు, అనగా మన సి.కె. నాయుడు, 1926 డిసెంబరులో ఎం.సి.సి. మీద 11 సిక్సర్లతో 153 పరుగులు చేసినది హిందువుల జట్టు పక్షాననే. ఆ జట్టులో ఆడడానికి భాష అడ్డు కాలేదు, ఊరు అడ్డు కాలేదు. మతమే ప్రవేశపత్రం. ఆ పోటీ 1946లో అంతరించినది. దానికై కన్నీరు కార్చవలసిన పని లేదని మా అభిప్రాయం.

ఆ నాయుడుగారే 1932 జూన్ 25న లార్డ్స్ మైదానంలో భారతదేశపు మొదటి టెస్టుకు నాయకులైనారు. దేశానికి ఇంకా స్వరాజ్యం లేదు. 1928లో ఏర్పడిన క్రికెట్ బోర్డు లాంఛనం మీద కిరణాలు విరజిమ్మే నక్షత్రం ఉన్నది. దానికి మూలం విక్టోరియా రాణి 1861లో నెలకొల్పిన ‘స్టార్ ఆఫ్ ఇండియా’ బిరుదు పతకం. సంస్థానాధీశులకూ పెద్ద దొరలకూ ఇచ్చే అలంకారం అది. 1947లో జెండా మారినది, 1950లో రాజ్యాంగం వచ్చినది, బిరుదులు పోయినవి. ఆ నక్షత్రం మాత్రం భారత క్రికెటరు టోపీ మీద నుండి దిగలేదు. నేడు దానిని చూచి గుండె ఉప్పొంగే కోట్లమందిలో ఎవరికీ విక్టోరియా రాణి గుర్తుకు రాదు. లాంఛనానికి ఉన్న వింత గుణమిది. పుట్టుక ఎక్కడిదైనా, దానిని ధరించి ఆడినవారి చెమట తగిలిన కొలదీ పాత యజమాని పేరు చెరిగిపోతుంది. అయితే దానికి కాలం పట్టవలె, గుర్తు కదలకుండా ఉండవలె. ఈ మాట శ్రోతలు మనస్సున ఉంచుకొన గోరుతాము.

టోపీ విలువ ఎంతటిదో చెప్పే కథ ఒకటి 1936 పర్యటనలో పుట్టినది. అప్పటి నాయకులు విజయనగరం మహారాజకుమారులు, లోకం ‘విజ్జీ’ అని పిలిచినవారు. నాయుడుగారికీ ఆయనకూ పొసగలేదు. బాకా జిలానీ అన్న ఆటగాడు పొద్దుటి ఫలహారం బల్ల వద్ద నాయుడుగారిని అవమానించినందుకు ప్రతిఫలంగా ఓవల్ మైదానంలో టెస్టు టోపీ సంపాదించినాడని ఆనాటివారు చెప్పుకొన్నారు. జిలానీ ఆడిన టెస్టు అదొక్కటే. ఇద్దరు తెలుగు ప్రముఖుల నడుమ ఒక టోపీ ఈ విధంగా చరిత్రకెక్కినది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినది. ఆ 1953–54 సంవత్సరంలోనే ఆంధ్ర జట్టు రంజీ పోటీలో అడుగుపెట్టినది. వార్ధక్యం సమీపించిన నాయుడుగారు ఆ జట్టు పక్షాన కూడా ఆడినారు.

తెలుపు పోయి రంగులు రావడానికి కారణం కళాభిరుచి కాదు, వ్యాపారం. ఆస్ట్రేలియాలో కెర్రీ ప్యాకర్ అనే టెలివిజన్ అధిపతి 1977లో పేరున్న ఆటగాళ్ళను కొని సొంత పోటీలు పెట్టినాడు. రాత్రి దీపాల వెలుగులో ఆడించవలెనంటే ఎర్రబంతి కానరాదు. తెల్లబంతి కావలె. బంతి తెల్లనిదైతే దుస్తులు తెల్లగా ఉండరాదు. 1979 నాటికి ఆస్ట్రేలియనులు పసుపు, వెస్టిండియనులు గులాబి రంగు తొడుక్కొని దిగినారు. పెద్దలు సర్కసు అని నవ్వినారు. 1992 ప్రపంచకప్పులో అన్ని దేశాలూ రంగు దుస్తులతో, వీపుమీద పేర్లతో ఆడినవి. తరువాత నవ్వినవారు లేరు. కుట్టుపని పద్ధతి కూడా మారినది. పూర్వం లాంఛనాన్ని దారంతో కుట్టేవారు. ఇప్పుడు పాలియెస్టరు గుడ్డలోనికే రంగును వేడితో ఎక్కించే పద్ధతి వచ్చినందున, చొక్కాలో ఎంత జాగా ఉంటే అంతమేరా ప్రకటనలు అచ్చు వేయడం సులభమైనది. యజమాని మారితే చొక్కా మార్చడమూ అంతే సులభం.

2008లో ఇండియన్ ప్రీమియర్ లీగు మొదలైనప్పుడు హైదరాబాదు జట్టును డెక్కన్ క్రానికల్ పత్రికా సంస్థ కొన్నది. పేరు డెక్కన్ చార్జర్స్, లాంఛనం దూకే ఎద్దు. పల్లవుల వృషభం కూర్చున్నది, ఇది కుమ్మడానికి వస్తున్నది. తొలి ఏట ధూసరవర్ణం, నలుపు కలిసిన దుస్తులలో ఆడి జట్టు అట్టడుగున నిలిచినది. మరుసటి ఏడు దుస్తులు నీలి, వెండి రంగులకు మారినవి. ఎద్దు కూడా రంగు మార్చుకొన్నది. 2009 మే 24న జోహన్నెస్‌బర్గులో గిల్‌క్రిస్ట్ నాయకత్వాన ఆ జట్టు బెంగుళూరును 6 పరుగులతో ఓడించి కప్పు గెలిచినది. గెలుపు రంగువలన వచ్చినదని మేము అనము గాని, ఆ నీలి చొక్కాకు తెలుగునాట ఒక్కసారిగా గిరాకీ, గౌరవం రెండూ వచ్చినవి.

మూడేళ్ళు తిరిగేసరికి యజమానులు ఆర్థికంగా చిక్కులలో పడినారు. 2012 సెప్టెంబరులో బోర్డు ఒప్పందాన్ని రద్దు చేసినది. వివాదం న్యాయస్థానాలకు ఎక్కినది. అక్టోబరులో సన్ టీవీ సంస్థ ఏడాదికి 85.05 కోట్ల రూపాయలకు హైదరాబాదు జట్టు హక్కును పొందినది. 2013లో అదే ఉప్పల్ మైదానంలో స్టెయిన్, సంగక్కర, ధావన్ మొదలైన పాత ఆటగాళ్ళే నారింజ రంగు చొక్కాలతో, సూర్యకిరణాల మీద రెక్కవిప్పిన డేగతో దిగినారు. మనుషులు వారే, గడ్డి అదే, చూచేవారూ వారే. కప్పు గెలిచిన ఎద్దు మాత్రం లేదు. కోడిపందెగాళ్ళు ఎర్రని పుంజును ‘డేగ’ అంటారు. ఆ లెక్కన ఈ కొత్త లాంఛనం మనకు నచ్చవలసినదే. 2016లో బెంగుళూరునే ఓడించి కప్పు గెలిచిన తరువాత నచ్చినది కూడా. అయితే సన్‌రైజర్స్ అన్న మాటలో మొదట ఉదయించేది యజమాని పేరు. ఆ సంస్థ 2023లో దక్షిణాఫ్రికాలో మరొక జట్టును దింపినప్పుడు దానికీ సన్‌రైజర్స్ అనే పేరు పెట్టి, నారింజ రంగే తొడిగినది. ఆ రంగు హైదరాబాదుది అనుకొన్నవారికి అప్పుడు గాని అసలు సంగతి తెలియలేదు.

ఇంతకన్నా బాధాకరమైనది ఫుట్‌బాలు సంగతి. 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు ఈ ఊరిది. దానిని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో భారతదేశం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానానికి చేరినది. ఆ పోలీసు జట్టును ఎవరూ వేలం వేయలేదు. ఆడేవారు ఆ శాఖలో జీతం తీసుకొనే ఉద్యోగులు, తొడిగేది ఆ శాఖ దుస్తులు. 2019లో పూనా జట్టు మూతపడినప్పుడు దాని స్థానంలో హైదరాబాదు ఎఫ్.సి. ఏర్పడినది. పసుపు, నలుపు దుస్తులు వేసుకొన్న ఆ జట్టు లాంఛనం చార్మినారునూ కోహినూరు వజ్రాన్నీ స్ఫురింపజేసేది. ఈ ఊరి జట్లలో ఊరి గుర్తును గుండెమీద పెట్టుకొన్నది అదే. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగు విజేత అయినది. 2025లో యాజమాన్యం మారి, జట్టు ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయినది. కృష్ణాతీరాన దొరికిన కోహినూరు గోల్కొండ చేయి దాటి ఢిల్లీకి, అటుపై లండనుకు పోయిన కథ మనకు కొత్త కాదు. చొక్కా మీది బొమ్మ వజ్రానికి కూడా ఆ యోగమే పట్టినది. పూనావారు 2019లో పడిన దుఃఖం ఎటువంటిదో హైదరాబాదువారికి అప్పుడు తెలిసినది.

చెడుగుడుకు పూర్వం దుస్తుల గొడవే లేదు. నడుమ గీత గీసి, గోచీ బిగించి, ఎటు నిలిచినవాడు అటువాడే. 2014లో ప్రో కబడ్డీ వచ్చి తెలుగు టైటన్స్ పుట్టినప్పుడు ఆ వట్టి వీపుల మీదికి పట్టుచిక్కకుండా ఒంటికి అంటుకొనే చొక్కాలు వచ్చినవి. పేరులో మొదటి సగం మనది, రెండవ సగం గ్రీకుల పురాణంలోనిది. భీముడు, ఘటోత్కచుడు ఉన్న భాషకు ఈ అప్పు ఎందుకో మాకు బోధపడలేదు.

ఇక రాయలసీమ మాట. 2022లో విశాఖపట్నంలో ఆరంభమైన ఆంధ్ర ప్రీమియర్ లీగులో మన సీమ జట్టుకు రాయలసీమ కింగ్స్ అని నామకరణం చేసినారు. దత్తమండలమన్న పేరు తొలగించి రాయలసీమ అనవలెనని 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారు సూచించినది విజయనగర రాయలను తలచుకొనియే. రాయలు ఉన్న పేరుకు మరల కింగ్స్ తగిలించడం గుఱ్ఱం మీద గుఱ్ఱం ఎక్కించినట్లున్నది. 2025లో జట్ల పేర్లు మారినవి. మనది రాయల్స్ ఆఫ్ రాయలసీమ అయినది. రాజు పోలేదు, ముందునుండి వెనుకకు బదులు వెనుకనుండి ముందుకు నడిచి వచ్చినాడు. మూడేళ్ళలో ఒక పేరు నిలువకపోతే అభిమాని ఏ చొక్కా కొని దాచుకొనవలె? ఇకనైనా కొత్త లాంఛనం దిద్దించేవారు ఎవరైనా ఉంటే, వరాహం కొరకు విజయనగర నాణేలను, రాయల వైభవం కొరకు చంద్రగిరి కోటను చూడవచ్చును. గుడ్డ మీద రూపు నిలిపే విద్య కొరకు శ్రీకాళహస్తి కలంకారీ పనివారు ఉన్నారు. ఇనుముకూ బెల్లానికీ పుట్టిన వారి నల్లరంగు ఎన్ని ఉతుకులకైనా పోదు.