గోరింటాకు ఎవరిది?

రాజమండ్రి పెద్ద మసీదు శాసనం 1324 నాటిది. ఏడు వందల ఏళ్లుగా ఈ గోదావరి ఒడ్డున బతుకుతున్నా మేం ఎక్కణ్ణుంచో వచ్చినవాళ్లమేనంటారు. మెహందీ అన్న మా మాటనూ పరాయిదిగానే లెక్కేస్తారు.

ఆ మాట సంగతే చూద్దాం. అరబ్బీలో ఆ ఆకు పేరు హిన్నా. మెహందీ మేం పలికే ఉర్దూ మాటే, కానీ దాని మూలం సంస్కృతంలోని 'మేంధికా'. తెలుగులో గోరింటాకు. ఆషాఢంలో పుట్టింటికొచ్చిన కొత్త పెళ్లికూతురు పెట్టుకునేదీ, నికాకు ముందు మా దుల్హన్ పెట్టుకునేదీ అదే ఆకు. ఇద్దరి ఇళ్లలోనూ రోట్లో నూరిందే.

కోన్‌లొచ్చాక హిందువుల పెళ్లిళ్లలోనూ 'మెహందీ ఫంక్షన్' జరుగుతోంది. సంతోషమే. అక్కడ ముచ్చటైన మాట మా ఇంట్లో పరాయిదెలా అయింది? ఏ చేతిలోనైనా ఆ ఆకు ఎర్రగానే పండుతుంది. మీరెవరని ఆకు అడగదు. మనుషులెందుకు అడుగుతున్నారు?