రక్తక్షేత్రం ఊరి మధ్యనే ఎందుకు?

మన పల్లెల్లో దళితవాడ ఊరి చివర ఉంటుంది. దాని శ్మశానం ఇంకా ఆవల ఉంటుంది. బతికినప్పుడు పాటించిన దూరం చచ్చాక కూడా తప్పదు. 1991లో చుండూరు దళితులు ఈ కట్టడిని కాదన్నారు. హతులైన తమవాళ్లను ఊరి నడిబొడ్డున పూడ్చిపెట్టి, ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరు పెట్టారు.

అప్పటి గుంటూరు జిల్లాలోని ఈ ఊళ్లో దళితుల పిల్లలు చదువుకున్నారు. కొందరు రైల్వే ఉద్యోగాల్లో చేరారు. అగ్రకులాల ముందు తలవంచాల్సిన అవసరం తగ్గింది. అసలు కంటగింపు అదే. 1991 జులైలో సినిమా హాలులో ఒక దళిత యువకుడి కాలు ముందు సీటులోని అగ్రకుల యువకుడికి తగిలింది. ఆ చిన్న తగాదా సాంఘిక బహిష్కరణ దాకా పోయింది. దళితులకు కూలి పనులు ఆగిపోయాయి. ఆగస్టు 6న, ఊళ్లో పోలీసులుండగానే, పొలాలకు పరుగెత్తిన దళితులను వెంటాడి ఎనిమిది మందిని చంపారు. శవాలను గోనె సంచుల్లో కుక్కి కాలువల్లో పడేశారు. జాడ తెలియకూడదన్నదే హంతకుల ఉద్దేశం.

అందుకే ఆ సమాధులు ఊరి మధ్యన ఉండటానికి అంత అర్థం ఉంది. కాలువలో కలిపేయాలనుకున్న మనుషులు రోజూ అందరి కళ్లకూ కనిపించే చోట నిలిచారు. తన ధాతువులపై స్తూపాన్ని నాలుగు దారులు కలిసే చోట కట్టాలని తథాగతుడు ఆనందుడికి చెప్పినట్టు మహాపరినిబ్బాన సుత్తం తెలుపుతుంది. అదే కృష్ణా డెల్టాలోని భట్టిప్రోలులో ధాతు కరండాలు దొరికిన స్తూపం ఉంది. స్మృతిని దారి మధ్యన నిలపడం ఈ నేలకు కొత్త కాదు.

సమాధుల్లాగే న్యాయస్థానం కూడా ఊళ్లోకి రావాలని బాధితులు పట్టుబట్టారు. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద ప్రత్యేక కోర్టు చుండూరులోనే కూర్చుంది. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు విధించింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. ఎనిమిది ప్రాణాలు పోయాయన్నది మాత్రం ఏ తీర్పుతోనూ చెరిగిపోదు. మరొకటి కూడా గమనించాలి. చుండూరును ఆకలితో మాడ్చిన సాంఘిక బహిష్కరణను ఆ చట్టం నేరంగా పేర్కొనలేదు. 2015 సవరణతోనే అది నేరాల జాబితాలోకి ఎక్కింది.

"పాత గొడవలు తవ్వకండి, ఊరు ప్రశాంతంగా ఉంది" అనే మాట పల్లెల్లో పనిచేసే మేము తరచూ వింటుంటాం. అంగులిమాలుడి కథ ఇక్కడ గుర్తు చేసుకోవాలి. అతను భిక్షువయ్యాక కూడా జనం రాళ్లతో కొట్టారు. చేసిన కర్మఫలమే అది, ఓర్చుకోమన్నాడు బుద్ధుడు. అతణ్ణి మారనిచ్చాడు, అతను చేసింది లేదని మాత్రం అనలేదు. మైత్రి అంటే ఇదే. పగ పెంచుకోమని ధమ్మం చెప్పదు, నిజాన్ని పూడ్చేయమనీ చెప్పదు. బాబాసాహెబ్ కోరిన సోదరభావం కూడా జరిగింది ఒప్పుకున్నాకే మొదలవుతుంది.

ప్రతి ఆగస్టు 6న మన విహారాల్లో త్రిశరణ పంచశీలల తర్వాత ఆ ఎనిమిది మందినీ స్మరించుకుందాం. పిల్లలకు చుండూరు తేదీతో పాటు ఆ చట్టం సెక్షన్లు కూడా నేర్పుదాం. కన్నీళ్లతో పాటు చట్టం తెలిసిన వాడను బహిష్కరించడం అంత తేలిక కాదు.