జిమ్మీ నిధి, కాకినాడ విరాళం

సిద్ధార్థ ముఖర్జీ 'ది ఎంపరర్ ఆఫ్ ఆల్ మాలడీస్' 2010లో వెలువడింది. మరుసటి ఏడాది దానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. మన వైద్యమిత్రుల ఇళ్ళల్లో ఆ పుస్తకం లేని అలమర అరుదు. ఎస్.పి.కె. గుప్త రచించిన యల్లాప్రగడ సుబ్బారావు జీవితచరిత్ర 'ఇన్ క్వెస్ట్ ఆఫ్ పానేసియా' 1987 నాటిది. దాని పేరు విన్నవారే తక్కువ. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకొని చదివినప్పుడు నన్ను వదలని ప్రశ్న ఒకటుంది: పిల్లల రక్తకాన్సరు మీద పనిచేసిన తొలి మందు వెనుక ఎవరి డబ్బు ఉన్నది? ముఖర్జీ బోస్టన్ వైపు నుంచి సగం సమాధానం చెబుతారు. మిగిలిన సగానికి కాకినాడ దాకా వెళ్ళాలి.

ముందు బోస్టన్ సంగతి. 1940ల నడుమ ల్యుకేమియా వచ్చిన పిల్లవాడికి వైద్యులు చేయగలిగినది రక్తం ఎక్కించడం, బాధ తగ్గించడం, అంతే. రోగం పేరు తేలిన నాటినుంచి మరణం దాకా వారాలో, కొద్ది నెలలో. చేయడానికి ఏమీ లేని చోట పరిశోధనకు ధనం పెట్టేవారెవరు? బోస్టన్ బాలల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ పాథాలజిస్టు. ఈ రోగాన్ని ఆయన ఎరిగినది ఎక్కువగా శవపరీక్ష బల్ల మీద. ఆయనకు శాస్త్రం ఎంత తెలుసో లోకం తీరూ అంత తెలుసు. పోలియో నిర్మూలన కోసం 1938లో రూజ్‌వెల్టు స్థాపించిన సంస్థ పది సెంట్ల నాణేలు పోగుచేసి ఎంతటి నిధిని కూడబెట్టిందో ఆయన గమనించారు. సినిమా హాళ్ళ యజమానులు, వినోద వ్యాపారులు సభ్యులుగా ఉన్న వెరైటీ క్లబ్ న్యూ ఇంగ్లండ్ శాఖ ఆయనకు తోడయింది. 1947లో బాలల కాన్సరు పరిశోధనా ప్రతిష్ఠానం ఏర్పడింది.

ఆ డబ్బుతో ఫార్బర్ ప్రయోగశాల నడుపుకోగలరు. మందు మాత్రం బోస్టన్‌లో లేదు. అది న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్ నుంచి, లెడర్లీ అనే మందుల కంపెనీ నుంచి రావాలి. అక్కడ పరిశోధనలకు అధిపతి భీమవరంలో 1895లో పుట్టిన సుబ్బారావు.

ఆయన అమెరికా ప్రయాణానికి ఆధారం రెండు చోట్ల దొరికింది. ఒకటి మామగారు సమకూర్చిన సొమ్ము. రెండవది కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన హామీ. నాయకర్ బర్మాలో వ్యాపారం చేసి గడించిన వ్యక్తి. కోస్తా నుంచి రంగూనుకు ఓడలెక్కి వెళ్ళిన వేలాదిమంది తెలుగువాళ్ళలో కొద్దిమందికే పట్టిన అదృష్టం అది. ఆ ఆస్తి విద్యాదానానికి మళ్ళింది, ఎం.ఎస్.ఎన్. పేరుతో ఆ సంస్థ కళాశాల కాకినాడలో నేటికీ ఉన్నది. తన అన్నదమ్ములిద్దరిని కొద్దిరోజుల తేడాలో పోగొట్టుకొని, తానూ స్ప్రూ వ్యాధి నుంచి బతికి బయటపడిన ఒక యువవైద్యుడికి ఈ ధర్మసంస్థ మాట ఇచ్చింది. అతడేమి కనిపెడతాడో అడిగే పద్ధతి అప్పటికి లేదు. నేటి గ్రాంటు దరఖాస్తులో మనం నింపే ఆశయాల పట్టికలు, మూడేళ్ళ ఫలితాల అంచనాలు తలచుకుంటే నాకు కొంచెం అసూయగానే ఉంటుంది.

1920ల ఆరంభంలో సుబ్బారావు బోస్టన్ చేరి, హార్వర్డులో ఉష్ణమండల వైద్యం చదువుతూ, పొట్టకోసం బ్రిగామ్ ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా రోగుల పక్కలు మార్చారు, మూత్రపాత్రలు కడిగారు. ఫార్బర్ పనిచేసిన బాలల ఆసుపత్రి ఆ పక్కనే. ఫిస్కేతో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతినీ, కండరాలలో శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీలనూ వెలికితీసినా హార్వర్డు ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీకి వెళ్ళిపోయారు.

అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. దీని వెనుకా భారతదేశపు నీడ ఉన్నది. బొంబాయి మిల్లు కార్మిక స్త్రీలలో గర్భిణుల రక్తహీనతను లూసీ విల్స్ పరిశోధించినప్పుడే ఈ పదార్థపు జాడ మొదట తెలిసింది. ప్రసంగవశాత్తు మరొకటి: ల్యుకేమియాతో మరణించిన భార్య మెహెర్‌బాయి స్మృతిగా దొరాబ్జీ టాటా 1932లో లేడీ టాటా మెమోరియల్ ట్రస్టును ల్యుకేమియా పరిశోధన కోసం నెలకొల్పారు. ఈ వ్యాధికి దానం చేయడం బోస్టన్‌లో మొదలు కాలేదు.

లెడర్లీ ఇచ్చిన ఫోలిక్ ఆమ్ల సంయోగాలను ఫార్బర్ మొదట రోగులైన పిల్లలకు ఇచ్చి చూశారు. రోగం తగ్గడానికి బదులు పెచ్చరిల్లినట్టు ఆయనకు తోచింది. ముఖర్జీ ఈ ఘట్టాన్ని దాచకుండా చెప్పడం నాకు నచ్చింది. అప్పుడు ఫార్బర్ ఆలోచనను తలకిందులు చేశారు: ఈ విటమిను రోగకణాలకు మేత అయితే, దాని స్థానంలో చేరి దాని పని సాగనివ్వని విరోధి పదార్థం వాటిని మాడ్చాలి కదా. లెడర్లీ రసాయనవేత్తలు అటువంటివాటిని తయారుచేశారు. వాటిలో బలమైనది అమినోప్టెరిన్. 1947 డిసెంబరు చివరిలో రెండేళ్ళ పిల్లవాడికి తొలిసారి ఇచ్చారు. ఎగబాకుతున్న తెల్లకణాల సంఖ్య దిగింది, పిల్లవాడు మళ్ళీ నడిచాడు. 1948 జూన్ 3న న్యూ ఇంగ్లండ్ వైద్యపత్రికలో వ్యాసం వచ్చింది. 16 మంది పిల్లలలో 10 మందికి గుణం కనిపించింది. శీర్షికలోనే 'తాత్కాలిక' అన్న మాట ఉన్నది. ఆ మాట నిజాయితీతో పెట్టినది. రోగం తిరిగి వచ్చేది, ఆ పిల్లలు చనిపోయేవారు.

ఆ వ్యాసానికి 12 రోజుల ముందు, మే 22న, మరొకటి జరిగింది. ర్యాల్ఫ్ ఎడ్వర్డ్స్ హాలీవుడ్ నుంచి నడిపే రేడియో కార్యక్రమంలో, బోస్టన్ ఆసుపత్రి మంచం మీదున్న 12 ఏళ్ళ బాలుడితో దేశమంతా వింటుండగా మాట్లాడారు. అతని పేరు ఐనార్ గుస్టాఫ్సన్. మెయిన్ రాష్ట్రంలో పొలాల మధ్య పెరిగినవాడు. గోప్యత కోసం అతన్ని 'జిమ్మీ' అన్నారు. నీకు ఇష్టమైన ఆటగాళ్ళెవరని అడిగి, అతడు పేరు చెప్పిన బోస్టన్ బ్రేవ్స్ ఆటగాళ్ళను ఒక్కొక్కరినే గదిలోకి పంపారు. బేస్‌బాల్ పాట అందరూ కలిసి, శ్రుతి లేకుండా పాడారు. ఆటలు చూసుకునేందుకు జిమ్మీకి టెలివిజను కావాలి, 20,000 డాలర్లు పోగైతే కొనిస్తామన్నారు. నిమిషాల వ్యవధిలో సాగిన ఆ సంభాషణకు వచ్చిన మొత్తం 2,31,485 డాలర్లు. పిల్లలు కవర్లలో చిల్లర పంపారు. సినిమా హాళ్ళలో, ఆటస్థలాల్లో డబ్బాలు తిరిగాయి. జిమ్మీ నిధి అలా పుట్టింది.

వైద్యుడిగా నేను ఇక్కడే ఆగిపోతాను. జిమ్మీ రోగం ల్యుకేమియా కాదు, పేగులకు వచ్చిన లింఫోమా. అతడు కోలుకున్నాడు. అదే ఆసుపత్రిలో ల్యుకేమియా పిల్లలకు దొరికింది కొన్ని నెలల గడువు. రేడియో వింటూ నాణేలు పంపినవారు, తాము విన్న గొంతు లాంటి గొంతులన్నీ నిలుస్తాయనే అనుకొని ఉంటారు. ఇది మోసమా? కొందరు మిత్రులు అవుననే అంటారు. నేను అనలేను. అబద్ధం ఎవరూ చెప్పలేదు; శాస్త్రపత్రికలో 'తాత్కాలిక' అని అచ్చువేసినవారే రేడియోలో ఆ మాట పలకలేదు, అంతే. ఆ మౌనం నాకు ఇబ్బందిగానే ఉంటుంది. ఎవరి పిల్లలు ఆ ఏడు పోయారో, వారి తల్లిదండ్రులు ఆ కార్యక్రమాన్ని ఎలా విన్నారో నేను ఊహించదలచుకోలేదు. అయితే ఆ డబ్బు లేకపోతే ఒక మందు విఫలమైన చోట రెండోది, రెండూ కలిపి మూడోది ప్రయత్నించే వ్యవధి ఫార్బర్‌కు చిక్కేది కాదు. ఈనాడు అమెరికాలో పిల్లలకు తరచుగా వచ్చే ల్యుకేమియాలో నూటికి తొంభైమంది బతుకుతున్నారంటే, ఆ చేర్పుల మీద చేర్పులే కారణం.

తరువాతి కథ చాలామందికి తెలిసినదే. 1952లో జిమ్మీ నిధి భవనం తెరిచారు. 1953లో బ్రేవ్స్ జట్టు మిల్వాకీకి తరలిపోతే రెడ్ సాక్స్ ఆ బాధ్యత ఎత్తుకున్నది. 1962లో డానీ థామస్ మెంఫిస్‌లో సెయింట్ జ్యూడ్ ఆసుపత్రిని తెరిచారు. ఫార్బర్, మేరీ లాస్కర్ కలిసి ప్రభుత్వ ఖజానా వైపు తిరిగారు. 1971లో జాతీయ కాన్సరు చట్టం వచ్చింది. చందాలతో మొదలైనది పన్నుల డబ్బుతో సాగింది.

మందు పుట్టిన నడిమి దశలో మాత్రం చందా లేదు, ప్రభుత్వమూ లేదు. అక్కడ ఉన్నది లాభాపేక్ష గల కంపెనీ జీతం. ఈ మాట దాతృత్వ చరిత్రలు రాసేవారికి అంత ఇష్టంగా ఉండదు. ముఖర్జీ కూడా సుబ్బారావును ఆత్మీయంగా పరిచయం చేసి, కొద్ది పుటల్లోనే బోస్టన్‌కు తిరిగి వెళ్ళిపోతారు. గుప్త మాత్రం పెర్ల్ రివర్‌లోనే ఉంటారు. ఆయన వాక్యం ఒక్కోచోట అభిమానంతో బరువెక్కుతుంది, తేదీలూ రసాయనాల పేర్లూ ముసురుకుంటాయి. అయినా పనిచేసే మనిషిని చూడాలంటే ఆ పుస్తకమే చదవాలి. మన గోదావరి జిల్లాలను పీడించిన బోదకాలుకు మందు హెట్రజాన్ కూడా ఆ ప్రయోగశాల నుంచే వచ్చిందన్న సంగతి దాంట్లో సవివరంగా ఉన్నది.

ఐనార్ గుస్టాఫ్సన్ లారీ డ్రైవరయ్యాడు. జిమ్మీ ఎప్పుడో పోయి ఉంటాడని లోకం అనుకుంటుండగా, 1998లో, 62 ఏళ్ళ వయసులో, తానే జిమ్మీనని వెల్లడయ్యాడు. 2001 జనవరిలో మరణించాడు.

సుబ్బారావుకు అంత వ్యవధి దొరకలేదు. ఫార్బర్ వ్యాసం అచ్చయిన రెండు నెలలకు, 1948 ఆగస్టులో, నిద్రలోనే పోయారు. 53 ఏళ్ళు. అమినోప్టెరిన్‌ను ఆ తరువాత పక్కన పెట్టేశారు. అదే ప్రయోగశాలలో పుట్టిన దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ నిలిచింది. పసుపుపచ్చని ఆ ద్రవాన్ని బోస్టన్‌లోనూ, హైదరాబాదులోనూ ఈ ఉదయం కూడా ఎవరో ఒక నర్సు పిల్లవాడి నరంలోకి ఎక్కిస్తూ ఉంటుంది.