కందకుర్తి ఇసుకలో కూత

జూలై 1న ఎగువన బాబ్లీ బ్యారేజీ గేట్లు ఎత్తుతారు, నీళ్ళు కిందికి వస్తాయి. అక్టోబరు 28 దాకా వాటిని దించడానికి లేదని 2013లో సుప్రీంకోర్టు తీర్పు. అందుకే కందకుర్తి దగ్గర గోదారి ఇసుకలో ఏం వెతకాలన్నా జూన్ దాటకూడదు. మంజీర, హరిద్ర వచ్చి కలిసే ఆ రేవులో, వరదకు మునిగి ఎండాకాలం తేలే రాతి శివాలయానికి కొంత దూరంగా, భక్తులు నదిలో వేసిన చిల్లర బిళ్ళల కోసం మామా అల్లుళ్ళు దిగారు.

మామ చేతిలో తాడుకు కట్టిన స్పీకర్ అయస్కాంతం. బోధన్ షుగర్ ఫ్యాక్టరీకి 2015 డిసెంబర్‌లో తాళం పడ్డాక పట్టిన పని. అల్లుడు నిజామాబాద్ నుంచి మెటల్ డిటెక్టర్ తెచ్చాడు. ఆన్ చేయగానే అది ఆగకుండా కూయడం మొదలుపెట్టింది.

"ఏందిరా, గింతగనం ఒర్రుతుంది? ఇసుకంత బంగారమేనా?"

"లోతుకు పోవాలని సెన్సిటివిటీ ఫుల్లు పెట్టిన మామా."

మామ అయస్కాంతాన్ని ఇసుకలో ఈడ్చి ఎత్తాడు. అంచు చుట్టూ నల్లటి పొడి, మీసం లాగా నిక్కబొడుచుకుని ఉంది. "గిదే ఒర్రేది," అన్నాడు.

నిజమే. గోదారి దక్కన్ నల్లరాళ్ళను అరగదీసుకుంటూ వస్తుంది. ఆ రాతిలోని ఇనుప ఖనిజమే ఇసుకలో నల్లచారలు. సముద్రపు ఒడ్డునైతే ఉప్పుతడి ఇదే అల్లరి చేస్తుంది. 2020లో నివర్ తుపాను తర్వాత ఉప్పాడలో బంగారు రేణువుల కోసం ఎగబడ్డ జనం ఏ మిషనూ లేకుండా చేతులతోనే ఇసుక గాలించారు. వాళ్ళకు ఈ తలనొప్పి లేదు.

అల్లుడు డిటెక్టర్ కాయిల్‌ను నేలకు దగ్గరగా పైకీ కిందికీ ఆడిస్తూ, రొద సద్దుమణిగేదాకా గ్రౌండ్ బ్యాలెన్స్ సరిచేశాడు. తర్వాత సెన్సిటివిటీని సగానికి దించాడు. మామకిది అర్థం కాలేదు. లోతు కావాలన్నవాడు తగ్గిస్తాడేంటి? సెన్సిటివిటీ పెంచితే బిళ్ళ గొంతుతో పాటు ఇసుక గొంతూ పెరుగుతుంది. లోతున ఉన్న బిళ్ళది అసలే పీలగొంతు, ఆ రొదలో వినపడదు.

ఇంకో చిక్కు, డిస్క్రిమినేషన్, అంటే ఏ లోహానికి కూయొద్దో మిషన్‌కు చెప్పడం. మేకులు వద్దని ఇనుమును కొట్టేస్తే, 1992 నుంచి వస్తున్న స్టీలు రూపాయి బిళ్ళలు కూడా చాలావరకు దాంతోనే పోతాయి. వాటిని అయస్కాంతం ఎటూ పట్టుకుంటుంది. "అవి నీకు, మిగిలినవి నాకు," అని అల్లుడు ఇనుమును కొట్టేసి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కాయిల్ నేలకు ఆనీ ఆనకుండా మెల్లగా తిప్పాడు. తొందరపడేవాడికి ఈ పని అచ్చిరాదు.

ఒకచోట తేడాగా ఒక చిన్న మూలుగు. అడ్డంగా తిప్పి చూశాడు, నిలువుగానూ వినిపించింది. మేకైతే ఒకవైపు పలికి ఇంకోవైపు తెగిపోయేది. పార వేశాడు. జానెడు తవ్వినా ఏం లేదు. ఇసుక కూలి గుంత పూడుతోంది. మణికట్టు దాటేదాకా చేయి పెట్టాడు. వరదొచ్చినప్పుడల్లా ఇసుక వదులై బరువైన వస్తువు కిందికి జారుతుంది. గట్టి పొర తగిలితేనే ఆగుతుంది. వేళ్ళకు ముందు గులకరాళ్ళు, తర్వాత మందంగా ఒక అంచు.

రాగి, నికెల్ కలిపి కొట్టిన పాత అయిదు రూపాయల బిళ్ళ. 2003 పుష్కరాల నాడు భక్తుల చేతుల్లో ఇలాంటివీ ఉండేవి. అయస్కాంతానికి ఇవి కదలవు. మామ ఇన్నేళ్ళూ వీటి మీద నుంచే తాడు ఈడ్చుకుంటూ పోయాడన్నమాట.

"మిషన్‌కు ఎంత పెట్టినవ్‌రా?"

అల్లుడు చెప్పలేదు.

చీకటి పడే వేళకు ఒడ్డున చాయ్ బండి దగ్గర ఆగారు. అల్లుడు నల్లబడ్డ అయిదు రూపాయల బిళ్ళలు బల్ల మీద పెట్టాడు. బండాయన ఒకదాన్ని గోటితో గీకి వెనక్కి తోశాడు. "ఇవి నడ్వవు తమ్మీ."

2011లో రద్దయినవి పావలా, అంతకన్నా చిన్నవి మాత్రమే, అయిదు రూపాయల బిళ్ళ చెల్లుతుందని అల్లుడు వాదానికి దిగాడు. మామ జేబులోంచి తడి రూపాయి బిళ్ళలు గుప్పెడు తీసి లెక్కపెట్టి, రెండు చాయ్‌లు చెప్పాడు.