ఇరవై ఐదేళ్లు నానిన ఉక్కు ఆలోచన

1882లో ఒక జర్మన్ భూగర్భ శాస్త్రవేత్త నివేదిక జంషెట్జీ టాటా కంటపడింది. చాందా జిల్లా లోహారాలో మేలైన ఇనుప ఖనిజం ఉందని దాని సారాంశం. కానీ దగ్గర్లోని వరోరా బొగ్గు ఉక్కు కొలిమికి పనికిరాదని పరీక్షల్లో తేలింది. ఆనాటి గనుల నిబంధనలూ పెట్టుబడిదారుకు అనుకూలంగా లేవు. ఆ ఆలోచనను ఆయన పక్కన పెట్టారే గానీ వదిలేయలేదు. నాగపూర్‌లో 1877లో మొదలైన ఎంప్రెస్ మిల్లు నిలకడగా నడుస్తుండబట్టే అంతకాలం ఆగగలిగారని నాకనిపిస్తుంది. రోజు గడవని వాడికి ఎదురుచూసే స్తోమత ఎక్కడిది?

1899లో వైస్రాయ్ కర్జన్ హయాంలో నిబంధనలు సడలాయి. అప్పటికి జంషెట్జీకి అరవై ఏళ్లు. అమెరికా వెళ్లి ఇంజనీరు చార్లెస్ పేజ్ పెరిన్‌ను ఒప్పించారు. 1904లో కన్నుమూశారు, ఉక్కు దిమ్మ ఒక్కటీ చూడలేదు. అదే ఏడాది ఫిబ్రవరిలో భూగర్భ శాస్త్రవేత్త పి.ఎన్. బోస్ మయూర్‌భంజ్ సంస్థానంలోని ఖనిజం గురించి రాసిన ఉత్తరమే చివరికి కార్ఖానాను సాక్చికి (నేటి జంషెడ్‌పూర్) చేర్చింది. ఆ పల్లె ఆదివాసుల నేల. దీర్ఘదృష్టిని పొగిడే కథల్లో వాళ్ల ఊసు తక్కువ.

లండన్‌లో డబ్బు పుట్టకపోతే జంషెట్జీ కొడుకు దొరాబ్జీ 1907లో స్వదేశీయులనే అడిగారు. మూడు వారాల్లో దాదాపు ఎనిమిది వేలమంది వాటాలు కొన్నారు. 1912లో తొలి ఉక్కు దిమ్మ బయటికొచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో మెసపొటేమియాకు పట్టాలు పంపిన కంపెనీ, ఆ ఊపులో భారీ విస్తరణకు దిగింది.

అసలు పరీక్ష తర్వాతే. యుద్ధం ముగిశాక ధరలు పడిపోయాయి, చవక విదేశీ ఉక్కు వచ్చిపడింది. 1924లో జీతాలకే కటకట. దొరాబ్జీ తన ఆస్తినీ, భార్య నగలనూ ఇంపీరియల్ బ్యాంకులో తాకట్టు పెట్టి కోటి రూపాయల అప్పు తెచ్చారు. ఆ నగల్లో జూబిలీ వజ్రం కూడా ఉందని చెబుతారు. ఈ ఘట్టాన్ని త్యాగగాథగా చెప్పుకోవడం మామూలే. అయితే అదే ఏడాది ప్రభుత్వం దేశీయ ఉక్కుకు రక్షణ సుంకాల చట్టం తెచ్చింది. తాకట్టు సొమ్ము కొద్దికాలం ఊపిరి నిలిపింది. విదేశీ ఉక్కు పోటీని తట్టుకునే బలం మాత్రం ఆ సుంకాలే ఇచ్చాయి.